నాయనమ్మకు లేని ఆగస్టు పదిహేను

1997 జూన్‌లో మా పిల్లలిద్దరినీ బడి మాన్పించాం. ఏదో సిద్ధాంతం పెట్టుకుని మాన్పించింది కాదు. మా వారు అప్పుడు నల్లగొండ జిల్లాలో కాలువ పనుల మీద ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు. ఊరికి దూరంగా గుట్ట పక్కన ఆరు రేకుల క్వార్టర్లు, అదే క్యాంపు. బడి బస్సు వచ్చే తారురోడ్డు ఎక్కాలంటే మట్టిబాటలో మూడు కిలోమీటర్లు నడవాలి. దానికి తోడు ఆ ఎండాకాలమే పెద్దాడికి కామెర్లు వచ్చి తగ్గాయి. "ఒక్క ఏడాది ఇంట్లోనే చదివించరాదూ, బీఎస్సీ చదివావు కదా" అన్నారు మా వారు, పప్పు పొయ్యి మీద పెట్టమన్నంత తేలిగ్గా.

పెద్దాడికి పదేళ్ళు, చిన్నదానికి ఏడు. లెక్కలు, సైన్సు, తెలుగు నడిచిపోయేవి. చిక్కంతా బడి చుట్టూ ఉండేవాటితోనే వచ్చింది. మొదటి రోజే చిన్నది గోడకి ఆనుకుని అటెన్షన్‌లో నిలబడింది. ఏమే అంటే, "ప్రతిజ్ఞ ఎవరు చెప్పిస్తారు?" అంది. నేనే చెప్పించాను. "భారతదేశం నా మాతృభూమి. భారతీయులందరు నా సహోదరులు..." చెయ్యి ముందుకు చాచి ఇద్దరూ గొంతు చించుకున్నారు. వంటింట్లోంచి మా అత్తమ్మ తొంగిచూసి నవ్వుకుంది.

ఆ ప్రతిజ్ఞ రాసినాయన పైడిమర్రి వెంకట సుబ్బారావు అనీ, 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ ఆఫీసరుగా ఉంటూ తెలుగులోనే రాశారనీ, ఆయన సొంతూరు అన్నెపర్తి మేమున్న ఆ నల్లగొండ జిల్లాలోదేననీ నాకు అప్పుడు తెలియదు. తెలిసుంటే ఒక ఆదివారం జీపులో తీసుకెళ్ళి ఊరు చూపించేదాన్ని. నేను బడిలో పదేళ్ళు రోజూ అప్పజెప్పాను, మా నాన్న హెడ్మాస్టరుగా ముప్ఫై ఏళ్ళు చెప్పించాడు. అది ఎవరు రాశారని ఇద్దరిలో ఒక్కరికీ అడగాలనిపించలేదు.

జులై దాటేసరికి పిల్లలకి దిగులు మొదలైంది. ఆగస్టు పదిహేనుకి బడి లేకపోతే ఎలా? ఆ ఏడు మామూలు ఆగస్టు పదిహేను కూడా కాదు, స్వతంత్రం వచ్చి యాభై ఏళ్ళు నిండిన రోజు. రేడియోలో, దూరదర్శన్‌లో ఎటు తిప్పినా స్వర్ణోత్సవాలే. "మనింట్లో చేద్దాం" అన్నాను. అన్నాను కానీ ఏం చెయ్యాలో నాకూ తెలియదు. నాకు తెలిసిన జెండా పండగ ఒక్కటే, కృష్ణా జిల్లాలో మా నాన్న బడిలోది.

అక్కడ పండగ పద్నాలుగో తారీకు సాయంత్రమే మొదలయ్యేది. మైదాపిండి గిన్నెలో ఉడికించి జిగురు చేసేవాళ్ళం. పురుగు పట్టకుండా మైలుతుత్తం నలిపి వేస్తే జిగురు లేత నీలంగా మారేది. చేతులు నోట్లో పెట్టుకోవద్దని మా నాన్న పదిసార్లు చెప్పేవాడు. వరండా ఈ చివర నుంచి ఆ చివరికి పురికొస కట్టి, రంగుకాగితాల జెండాలు అంచు మడిచి అంటించడం ఆడపిల్లల పని. ఎవరో ఒకరు ఆకుపచ్చ పైకి పెట్టి అంటించేవాళ్ళు, డ్రిల్లు మాస్టారు చూసే లోపు దాన్ని పీకడం నా పని. తెల్లారి నాలుగింటికే లేచి ప్రభాతభేరి. బిళ్ళలు పంచాక జేబులో పెట్టుకున్నవి చెమటకి కరిగి తెల్ల గౌనుకి అంటుకునేవి. ఇవన్నీ ఇప్పుడు తలుచుకుంటే బాగుంటుంది గానీ, జెండాలో ఏముందో, ఆ రోజు అసలేమైందో నాకు బడిలో తెలిసింది చాలా తక్కువ. ఉపన్యాసాలప్పుడు మేము ఎండలో కాళ్ళు మార్చుకుంటూ నిలబడేవాళ్ళం, అంతే.

మా పిల్లలకి రంగుకాగితాలు దొరకలేదు. దొరికింది తెల్లకాగితం, మా వారి ఆఫీసులో పాడైన డ్రాయింగుల వెనకవైపు. సరే, జెండా మనమే గీద్దామన్నాను. నిడివి మూడు, ఎత్తు రెండు. పదిహేను సెంటీమీటర్లకి పది. ఈ కొలత సర్కారు లెక్కలో అన్నిటికంటే చిన్న జెండాది. రంగులు ఇబ్బంది పెట్టలేదు. చక్రం దగ్గర ఆగిపోయాం.

చిన్నది పదహారు గీతలు గీసి, "చాలు, చూడ్డానికి నిండుగానే ఉంది" అంది. ఇరవైనాలుగు ఉండాలంటే ముఖం మాడ్చుకుంది. వృత్తలేఖిని బడి సామాన్లతో పాటు ఏ పెట్టెలో పోయిందో. నా చేతి గాజు తీసి కాగితం మీద పెట్టి చుట్టూ గీసి, కత్తిరించమన్నాను. ఆ బిళ్ళని సగానికి, మళ్ళీ సగానికి మడిస్తే మడతలు కలిసిన చోటే నడిబొడ్డు. అక్కణ్ణించి అంచుదాకా చీపురుపుల్ల పెట్టి కొలిచి తుంచాం. ఇప్పుడు ఆ పుల్లని అంచు వెంబడి ఒక కొస నుంచి ఒక కొసకి పేర్చుకుంటూ పొమ్మన్నాను. ఒకటి, రెండు, మూడు... ఆరోసారికి పుల్ల సరిగ్గా మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగింది. పెద్దాడు నమ్మలేదు. అటునుంచి మళ్ళీ పేర్చాడు. మళ్ళీ ఆరే. పళ్ళెం పెట్టి గీసి పెద్ద వృత్తం చేశాడు, దానికి తగిన పుల్ల తుంచాడు. ఆరే! ఆ పూట జెండా సంగతి మర్చిపోయి ఇంట్లో ఉన్న గుండ్రటి వస్తువులన్నిటికీ పుల్లలు పేర్చి చూశాడు, అత్తమ్మ తమలపాకుల పళ్ళెంతో సహా. ఆరు ఎలా వస్తుందో ఆ రోజు నేను చెప్పలేదు. వాడిని అలా వదిలెయ్యడమే మంచిదనిపించింది.

ఆరు గుర్తుల మధ్య మడతపెడితే పన్నెండు, ఆ మడతల మధ్య ఇంకో మడతపెడితే ఇరవైనాలుగు. మడతల మీద నీలం పెన్సిలుతో గీస్తే చక్రం వచ్చేసింది. కాలువ తవ్వడానికి వచ్చిన పాలమూరు లేబరు పిల్లలు గుడిసెల్లోంచి వచ్చి గుమ్మంలో కూర్చుని చూస్తుండేవాళ్ళు. వాళ్ళలో ఒక పిల్ల, ఏ బడికీ పోని పిల్ల, రెండోసారికే మా ఇద్దరికంటే తిన్నగా మడిచింది. నా గాజు తనే చేతికి వేసుకుని, మిగతావాళ్ళకి తీసి ఇస్తూ పెత్తనం చేసింది. ఆ తరవాత పొద్దున తొమ్మిదయ్యేసరికి మా వరండాలో ఏడెనిమిది మంది ఉండేవాళ్ళు. బడి మాన్పించిన నేను బడి పెట్టినట్టయింది.

పింగళి వెంకయ్యగారి గురించి మాత్రం నాకు గర్వంగా చెప్పుకునేంత తెలుసు. ఆయనది మా కృష్ణా జిల్లాలో భట్లపెనుమర్రు. 1921లో బెజవాడలో కాంగ్రెసు సమావేశాలప్పుడు ఆయన గాంధీగారికి జెండా నమూనా చూపించాడనీ, తెల్లరంగు గాంధీగారు కలపమన్నదనీ, రాట్నం ఉన్న చోటికి చక్రం 1947 జులై 22న వచ్చిందనీ చెప్పాను. రాట్నం ఎందుకు తీసేశారని పెద్దాడు అడిగాడు. జెండా రెండు వైపుల నుంచీ ఒకేలా కనపడాలి కదా, రాట్నం వెనకనుంచి చూస్తే తిరగబడుతుంది అన్నాను. పదహారు గీతల చక్రం కూడా రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది కదా అంది చిన్నది. దాని బాధ అది.

ఇక ముడి. ఖాదీ భండార్‌లో అసలు జెండా కొన్నాం. సర్వేకి వాడే పొడుగాటి కర్ర ఒకటి మా వారు తెచ్చి పాతారు. జెండా మడిచి మధ్యలో పూరేకులు పెట్టి జారుముడి వెయ్యడం నాకు మా నాన్న నేర్పిన విద్య. తువ్వాలుతో మూడు రోజులు రిహార్సల్ చేశాం. తాడు గుంజగానే తువ్వాలు విప్పుకోవడం, బంతిపూల రేకులు మొహాల మీద పడటం. మూడు రోజులూ ముడి చక్కగా విడింది. పదిహేనో తారీకు పొద్దున, క్యాంపు మొత్తం వచ్చి నిలబడ్డాక, తాడు గుంజితే బిగుసుకుపోయింది. ఇంకాస్త గట్టిగా గుంజితే ఇంకాస్త బిగిసింది. మా వారు, మేస్త్రీ, వాచ్‌మన్ తలా ఒకసారి గుంజారు. చివరికి జెండా కిందికి దించి, ముడి పళ్ళతో విప్పి, పూలు నేలపాలై, మళ్ళీ ఎక్కించాం. జెండాని చకచకా ఎక్కించాలి, దించేటప్పుడు మెల్లగా దించాలి అని నేను పిల్లలకి పాఠం చెప్పి ఉన్నాను. మేము అంతా తలకిందులుగా చేశాం. పిల్లలకి మాత్రం అదే పండగ. పాలమూరు పిల్లలు నేలమీద రేకులు ఏరి ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు.

ఆ మధ్యాహ్నమే, "మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి" అనే పాఠం పెట్టాను. 1947 ఆగస్టు పదిహేనున నాయనమ్మ ఏం చేస్తోందో అడిగి రాసుకురండి. ఇలాంటి పనికి నేనేదో గొప్ప ఉపాయం కనిపెట్టాననుకున్నాను. ఢిల్లీ, ఎర్రకోట, రేడియోలో నెహ్రూ గొంతు, ఇలాంటివి చెప్తుందని నా ఊహ. రెండు నిమిషాల్లో చిన్నది తిరిగొచ్చింది.

"నాయనమ్మకి ఆగస్టు పదిహేను లేదంటమ్మా."

వెళ్ళి అడిగితే అత్తమ్మ చింతపండు గింజలు తీస్తూ తలెత్తకుండానే చెప్పింది. "మాకేడిది బిడ్డా? గప్పుడు మాది నిజాం రాజ్యం. మీకొచ్చినంక మాకు ఇంకో ఏడాది పట్టింది."

నేను ఆ ఇంటి కోడల్ని అయ్యి పన్నెండేళ్ళు. హైదరాబాద్ సంస్థానం 1948 సెప్టెంబరు 17న కలిసిందని పుస్తకంలో చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ వాక్యం మా వంటింట్లో కూర్చుని చింతపండు ఒలుస్తోందని నాకెప్పుడూ తట్టలేదు.

అత్తమ్మ వాళ్ళది సూర్యాపేట దగ్గర పల్లె. 47లో ఆమెకి పన్నెండేళ్ళు. ఆ ఊళ్ళో మూడు రంగుల జెండా పట్టుకుంటే జైలే. రజాకార్లొస్తున్నారంటే మగవాళ్ళు చేలల్లో పడుకునేవాళ్ళు, వడ్లు పాతరలో పోసి పైన పేడ అలికేవాళ్ళు. 48 సంక్రాంతి పోయాక ఒక రాత్రి ఆడవాళ్ళనీ పిల్లలనీ ఎడ్లబండిలో ఎక్కించి సరిహద్దు దాటించారు. "గడ్డి కప్పిన్రు మా మీద. మా చెల్లె తుమ్మితె మా అమ్మ దాని నోట్ల కొంగు కుక్కింది." తెల్లారేసరికి జగ్గయ్యపేట. అది బ్రిటిష్ వాళ్ళ మద్రాసు రాజ్యంలో ఉండింది కాబట్టి అప్పటికే స్వతంత్రం. అక్కడ ఒక ఇంటి మీద జెండా ఎగురుతోంది. "నేను మొదటిసారి జెండ జూసింది మీ జిల్లలనే" అని నా వైపు చూసి అంది. "ఎవలు దాన్ని గుంజుకపోతలేరు. మస్తు సేపు జూసిన."

పిల్లలిద్దరూ రాసుకోవడం ఆపేశారు. పెద్దాడు, "అంటే నాయనమ్మ వేరే దేశం నుంచి అమ్మవాళ్ళ దేశం వచ్చిందా?" అన్నాడు.

ఆ తరవాత నెల్లాళ్ళు మా బడి అంతా అదే. వాకిట్లో ముగ్గుపిండితో పటం గీశాం. కృష్ణ, మూసీ నీలంతో, నిజాం సరిహద్దు తెల్లగా. సరిహద్దు గీస్తుంటే అత్తమ్మ కర్రతో చూపించి, నిజాం వైపున మధ్యలో ఒక చిన్న చుట్ట గీయించింది. మునగాల పరగణా. చుట్టూరా నిజాం రాజ్యం, అది మాత్రం కృష్ణా జిల్లా. "నీళ్ళు లేని దీవి!" అని పెద్దాడు గంతులేశాడు. జగ్గయ్యపేట దారి మీద చింతగింజలు పేర్చారు, ఒక్కో గింజ ఒక్కో మైలు.

ఆ గింజలతోనే అంగడి ఆట. సరిహద్దు ఇవతల నిజాం రూపాయి హాలీ సిక్కా, అవతల బ్రిటిష్ వాళ్ళ కల్దారు రూపాయి. ఏడు హాలీలిస్తే ఆరు కల్దార్లు. నిజాం వైపు కూర్చున్నవాడు ఏడు చింతగింజలిస్తే అవతలివైపు కూర్చున్నది ఆరు సీతాఫలం గింజలివ్వాలి. పద్నాలుగుకి పన్నెండు, ఇరవై ఒకటికి పద్దెనిమిది. మరి పదికి ఎంత? అక్కడ గొడవొచ్చింది. చిన్నది ఎనిమిదిన్నర ఇస్తానంది, పెద్దాడు తొమ్మిది కావాలన్నాడు. నిష్పత్తుల పాఠం వాడికి నేను విడిగా చెప్పాల్సిన పని పడలేదు. అత్తమ్మ, "సావుకారి గూడ గిట్లనే మోసం జేస్తుండె" అని తీర్పు చెప్పి, ఏ వైపు సావుకారో మాత్రం చెప్పలేదు.

పోలీసు యాక్షన్ కథ రోజుకో ముక్క చెప్పేది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం లోపలికి రావడం, ఒక దళం బెజవాడ వైపునుంచి సూర్యాపేట మీదుగా నడవడం, అయిదు రోజుల్లో అయిపోవడం. దాన్ని విమోచన అనాలా విలీనం అనాలా అని ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. అత్తమ్మ నోట ఆ రెండు మాటలూ ఎప్పుడూ వినలేదు. "యాక్షన్ అయినంక", "యాక్షన్ కాకముందు" అంతే. ఆమెకి కాలమే అలా రెండు ముక్కలు.

సెప్టెంబరు 17న నాయనమ్మకి జెండా ఎగరేద్దామని పిల్లలు పట్టుబట్టారు. నిజానికి నాకూ ఉషారుగానే ఉంది. ఎందుకైనా మంచిదని మా నాన్నకి రాస్తే ఇన్‌ల్యాండు లెటరు నిండా జవాబు రాశాడు. మామూలు జనం జాతీయ పండగ రోజుల్లో తప్ప తమ ఇష్టం వచ్చిన రోజు జెండా ఎగరేయడానికి అప్పట్లో నిబంధనలు ఒప్పుకునేవి కావు. పోనీ రంగులతో వాకిట్లో జెండా ముగ్గేద్దామంటే, జెండా నేలకి తగలకూడదని మరో వాక్యం, కింద రెండు గీతలు. ముప్ఫై ఏళ్ళు హెడ్మాస్టరు! చిన్నది ఏడ్చింది. "ఆ జెండా నాయనమ్మది కూడా కదా, ఒక్క రోజుకి అడిగితే ఇవ్వరా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అత్తమ్మ లేచి పుట్నాలూ బెల్లం కలిపి, కొంగులో పోసుకుని, పాలమూరు వాళ్ళ గుడిసెల దాకా తనే పంచుకుంటూ వెళ్ళింది. ఎందుకని వాళ్ళడిగితే ఏం చెప్పిందో మేము వినలేదు.

జనవరి 26 దాంతో పోలిస్తే తేలిక. 1930 జనవరి 26న పూర్ణ స్వరాజ్య దినం జరుపుకున్నారు కాబట్టి, 1949 నవంబరు 26నే ఆమోదించిన రాజ్యాంగాన్ని రెండు నెలలు ఆపి 1950లో అదే తేదీకి అమలు చేశారని చెప్పి, మనమూ ఇంటికి రాజ్యాంగం రాద్దామన్నాను. అసలు ప్రతిని ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా చేత్తో రాశాడనీ, డబ్బులు వద్దని ప్రతి పేజీలో తన పేరు, చివర వాళ్ళ తాత పేరు వేసుకుంటానన్నాడనీ చెప్పగానే, పెద్దాడు ప్రతి పేజీ కిందా తన పేరు ముందే రాసేసుకున్నాడు. రాయడం మాత్రం నాలుగో పేజీలో ఆగిపోయింది. "ఈ ఇంటి ప్రజలమైన మేము" అని మొదలు. ఒకటో అధికరణం, నిద్రలేపేటప్పుడు నీళ్ళు చల్లరాదు. మూడోది, కాకరకాయ వండే ముందు సంప్రదించవలెను.

ఓటు వయసు దగ్గర పేచీ. ఇరవై ఒకటి ఉన్నదాన్ని 1989లో పద్దెనిమిదికి తగ్గించారని మా వారు అనవసరంగా నోరు జారారు. అయితే ఏడుకి తగ్గించండి అని చిన్నది సవరణ పెట్టింది. అత్తమ్మ మనవరాలి వైపు, పెద్దాడు కూడా అటే. మేమిద్దరం వ్యతిరేకం. ముగ్గురు గెలిచామని కేక వేశారు. సవరణకి మూడింట రెండొంతులు కావాలి, అయిదుగురిలో ముగ్గురు అంటే అంతకు తక్కువ అని పెద్దాడే లెక్కవేసి తన పక్షాన్ని తనే ఓడించాడు. ఓటు లేనివాళ్ళు ఓటు హక్కు మీద ఎలా ఓటేశారన్నది ఆ రోజు ఎవరికీ తట్టలేదు. నేను వ్యతిరేకంగా చెయ్యెత్తిన సంగతి మా అమ్మాయి ఇప్పటికీ దెప్పుతుంది.

సాయంత్రం నాటకం. 1923 కాకినాడ కాంగ్రెసు, ఖద్దరు ప్రదర్శన గుమ్మంలో కాపలా ఉన్న చిన్నపిల్ల దుర్గాబాయి. టికెట్టు లేదని నెహ్రూగారినే ఆపేసిన పిల్ల, తరవాత రాజ్యాంగ సభలో కూర్చుంది. చిన్నది నా ఖద్దరు చున్నీ చుట్టుకుని గుమ్మంలో నిలబడింది. నెహ్రూ వేషం పెద్దాడిది. ఈలోపు సైటు నుంచి మా వారు బురద బూట్లతో వచ్చారు. "టికెట్టు?" అంది. ఆకలేస్తోందే అన్నారు. "టికెట్టు?" ఆయన పావుగంట బయటే నిలబడి, చివరికి లోపలున్న నెహ్రూ చేత టికెట్టు కొనిపించుకుని భోంచేశారు.

జూన్‌లో ఆయనకి బదిలీ అయింది, పిల్లలు బడికి పోయారు. ఆ గాజు పిల్ల వాళ్ళు అంతకుముందే మరో కాలువకి వెళ్ళిపోయారు. గాజు ఆ పిల్లకే ఇచ్చేశాను.

2002 జనవరి 26 నుంచి కొత్త నియమావళి వచ్చింది. ఎవరైనా ఏ రోజైనా, గౌరవంగా, జెండా ఎగరేసుకోవచ్చు. ఆ వార్త పేపర్లో చదివి మా నాన్న ఫోన్ చేశాడు. ఎప్పుడో అయిదేళ్ళ కిందట తను రాసిన ఉత్తరం ఆయనకి గుర్తుంది. "ఆ పిల్లకి చెప్పు, ఇప్పుడు పర్లేదని" అన్నాడు.

ఆ సెప్టెంబరు 17కి మేము నల్లగొండలో అద్దె ఇంట్లో ఉన్నాం. ట్రంకుపెట్టెలోంచి క్యాంపు నాటి ఖాదీ జెండా తీసి ఉతికి ఆరేశాం. డాబా మీద కర్ర కట్టారు. పన్నెండేళ్ళ మా అమ్మాయి నన్ను దగ్గరికి రానివ్వకుండా తనే మడిచి, తనే ముడి వేసింది. అత్తమ్మకి అరవై ఏడు. మెట్లు ఎక్కలేక మధ్యలో ఒకసారి కూర్చుని, కొంగు సవరించుకుని, పైకొచ్చి తాడు పట్టుకుంది. గుంజింది. ముడి కదల్లేదు.

మా అబ్బాయి కత్తెర తెస్తానని కిందికి ఉరకబోయాడు. అత్తమ్మ రెండో చెయ్యి చూపించి ఆపింది. "ఏం తొందరరా? నిమ్మళంగ గుంజుత" అని తాడుని కొంచెం వదిలి, మళ్ళీ కొంచెం లాగుతూ, పైకి చూస్తూ నిలబడింది.